మెదడులోని గడియకుడుక



తెలుగులో వేళను తెలిపే మాటలను ఒకచోట చేర్చి చూస్తే అవి రెండు తెగలుగా విడిపోతాయి. మొదటి తెగ ఆకాశాన్ని చూసి పుట్టినది: పొద్దుపొడుపు, బారెడు పొద్దెక్కిన వేళ, మిట్టమధ్యాహ్నం, పొద్దుగూకే వేళ. రెండవ తెగ ప్రాణులను చూసి పుట్టినది: తొలికోడి కూసే వేళ, పశువులు ఇల్లుచేరే వేళ, మాటు మణిగిన వేళ. పూర్వులు ఈ రెంటినీ ఒకే అర్థంలో వాడుకున్నారు. సూర్యుడు నడిపిస్తే ప్రాణులు నడుస్తున్నాయన్న నమ్మకమే అందుకు కారణం. తెలుగు పండితుడిగా ఈ మాటలను ఏళ్ళతరబడి పిల్లలకు వివరించిన నేను కూడా ఆ నమ్మకం వెనుక ఒక పెద్ద ప్రశ్న దాగి ఉన్నదని చాలాకాలం గమనించలేదు. తెల్లవారుతున్నదని కోడికి ఎవరు చెబుతున్నారు? ఆకాశమా, లేక కోడి లోపలనే ఉన్న మరొకటా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మనిషికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది. ఆ వెదుకులాట మొక్కలతో మొదలై, ఈగల మీదుగా మెదడులోని ప్రొటీన్ల దాకా సాగింది. దానిలో మన హైదరాబాదుకు కూడా ఒక అధ్యాయం ఉన్నది. ఆ చరిత్రను నాకు అర్థమైనంతవరకు ఇక్కడ చెప్పుకొస్తాను.

మన కవుల తీర్పు ఏమిటో అందరికీ తెలిసినదే. సూర్యుడు పద్మబాంధవుడు, చంద్రుడు కలువరేడు. తామర విచ్చుకోవడానికి కారణం సూర్యుడు, కలువ విచ్చుకోవడానికి కారణం చంద్రుడు. ప్రబంధాలలో సూర్యోదయ చంద్రోదయ వర్ణనలన్నీ ఈ కవిసమయం మీదనే నిలిచాయి. పువ్వు తనంతట తాను వేళ తెలుసుకోగలదని అనుకున్న కవి నాకు ఎక్కడా తారసపడలేదు. అయితే చెట్లు నిద్రపోతాయన్న సంగతి మాత్రం మనవారికి బాగా తెలుసు. రోడ్ల పక్కన గొడుగులా పరుచుకునే ఆ పెద్ద చెట్టుకు నిద్రగన్నేరు అని పేరు పెట్టినవాడు సాయంకాలం దాని ఆకులు ముడుచుకోవడం శ్రద్ధగా చూసినవాడే అయి ఉంటాడు. చింతచెట్టు ఆకులు కూడా అంతే, రాత్రి ముడుచుకుని పగలు విప్పుకుంటాయి.

ఈ ఆకుల నిద్రను గురించి మనకు దక్కిన పాత ఆధారాలలో ఒకటి క్రీస్తుపూర్వం 4వ శతాబ్దానిది. అలెగ్జాండరు పరివారంలోని ఆండ్రోస్తెనీస్ అనే నావికుడు నేటి బహ్రెయిన్ ద్వీపంలో ఒక చెట్టు ఆకులు రాత్రివేళ ముడుచుకోవడం చూసి రాసిపెట్టాడు. ఆ చెట్టు చింతచెట్టే అయి ఉంటుందని తరువాతి పండితులు గుర్తించారు. ఆయన కూడా చూసినది చూసినట్టు రాశాడే తప్ప కారణం అడగలేదు.

అడిగినవాడు ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు డి మైరాన్. 1729లో ఆయన మన అత్తిపత్తి వంటి మొక్కను తీసుకువెళ్ళి వెలుతురు సోకని చీకటిలో పెట్టాడు. సూర్యుడే కారణమైతే ఆ మొక్క ముడుచుకునే ఉండిపోవాలి. కాని అది పగటివేళకు ఆకులు విప్పింది, రాత్రివేళకు ముడిచింది. సూర్యుని చూడకుండానే సూర్యుని వేళను పాటించింది. చీకటిలో వెలుతురు లేకపోయినా వేడి చల్లదనాల తేడా ఉండవచ్చును కదా అని సందేహించినవారు ఆ తరువాత చాలామంది ఉన్నారు. 1832లో స్విట్జర్లాండుకు చెందిన డి కండోల్ ఎడతెగని దీపాల వెలుగులో మొక్కలను ఉంచి చూస్తే వాటి దినం 24 గంటలు కాక 22, 23 గంటలకే తిరిగివస్తున్నట్లు తేలింది. ఇది చాలా విలువైన తేడా. బయటి నుంచి ఏదో రహస్యంగా వేళ చెబుతున్నట్లయితే అది సరిగ్గా 24 గంటలే చెప్పాలి. దానికి కొంచెం ఎక్కువో తక్కువో నడిచే గడియారం లోపలిదే కావాలి. పనిచేసే గడియారాన్ని గుర్తుపట్టడానికి దాని తప్పే ఆధారమైంది.

కోడి సంగతి తేలడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది. జపానులోని నగోయా విశ్వవిద్యాలయంలో షిమ్మురా, యోషిమురా అనే శాస్త్రజ్ఞులు కోడిపుంజులను ఎప్పుడూ ఒకే తీరున ఉండే మసక వెలుతురులో ఉంచి చూశారు. తెల్లవారడమన్నది లేకపోయినా అవి తెల్లవారుజాము కూతను మానలేదు, వాటి లోపలి దినం ప్రకారం కూస్తూనే ఉన్నాయి. ఈ ఫలితం 2013లో వెలువడింది. కోడిపుంజుల రంగును, వారాన్ని, జామును బట్టి జయాపజయాలు లెక్కగట్టే కుక్కుట శాస్త్రం పుట్టిన నేల మనది. సంక్రాంతికి పుంజుల ముచ్చట్లు చెప్పుకునే కృష్ణాతీరంలో ఈ ముచ్చట కూడా చేరవలసినదే.

మరి మనిషి? 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి యువకుడు గడియారం లేకుండా ఆల్ప్స్ పర్వతాలలోని ఒక గుహలోకి దిగి రెండు నెలలు ఒంటరిగా ఉన్నాడు. జూలై 16న దిగినవాడు సెప్టెంబరు 14న బయటకు వచ్చాడు. అతని లెక్కలో మాత్రం అది ఇంకా ఆగస్టు 20. మనసు దాదాపు 25 రోజులను జారవిడుచుకున్నది. కాని అతడు నిద్రపోయే ముందు, లేచిన తరువాత పైనున్న వారికి టెలిఫోనులో చెబుతూ వచ్చిన సమయాలను కూడితే, అతని మెలకువా నిద్రా కలిసి ఇంచుమించు 24న్నర గంటలకు ఒకసారి క్రమం తప్పకుండా తిరుగుతున్నట్లు తేలింది. బుద్ధి లెక్క తప్పినా శరీరం తప్పలేదు. మన దేశంలో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం. కె. చంద్రశేఖరన్ కూడా గుహలలోని గబ్బిలాల మీద, వెలుగు చీకట్ల జాడ తెలియని గదిలో స్వచ్ఛందంగా ఉన్న మనుషుల మీద ఇటువంటి పరిశోధనలు చేశారు. ఈ దేశంలో ఈ శాస్త్రానికి పాదులు తీసినవారిలో ఆయన ముఖ్యులు.

గడియారం లోపలనే ఉన్నదని తేలిన తరువాత, శరీరంలో ఎక్కడ ఉన్నదన్న ప్రశ్న వచ్చింది. 1972లో అమెరికాలో రెండు బృందాలు వేర్వేరుగా ఎలుకలతో పనిచేసి ఒకే చోటును చూపించాయి. రెండు కళ్ళ నుంచి వచ్చే నాడులు మెదడు అడుగున ఒకదానినొకటి దాటుకునే కూడలి ఒకటి ఉన్నది. సరిగ్గా దాని పైన, కుడి ఎడమలుగా ఆవగింజ కన్న చిన్నవైన రెండు కణపుంజాలు ఉంటాయి. వాటిని సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అంటారు. కూడలి మీది గుడి అనుకుంటే మనకు జ్ఞాపకం ఉంటుంది. ఎలుకలో ఆ రెండింటిలో కలిపి సుమారు 20,000 నాడీకణాలు మాత్రమే ఉంటాయి. వాటిని తొలగిస్తే ఎలుక తిండి, తిరుగుడు, నిద్ర అన్నీ చెల్లాచెదరై రాత్రీపగలూ అన్న భేదం లేకుండా పోతుంది.

అయినా అది గడియారమేనా, లేక మరెక్కడో ఉన్న గడియారానికి ముల్లు మాత్రమేనా అన్న అనుమానం మిగిలింది. దానిని తీర్చినది ఒక చిట్టెలుక. 1988లో మార్టిన్ రాల్ఫ్, మైకేల్ మెనాకర్ తమ ప్రయోగశాలలోని హామ్‌స్టర్ జాతి ఎలుకలలో యాదృచ్ఛికంగా ఒక వింతను గమనించారు. ఒకదాని దినం 24 గంటలకు 2 గంటలు తక్కువ. దాని సంతతిలో ఆ లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా సంక్రమించినవాటికి దినం 20 గంటలే. 1990లో ఆ కణపుంజాన్ని తొలగించిన మామూలు హామ్‌స్టర్ మెదడులో ఈ 20 గంటల జాతి కణపుంజాన్ని నాటారు. పోయిన లయ తిరిగివచ్చింది. వచ్చిన లయ పుచ్చుకున్నదానిది కాదు, ఇచ్చినదానిది. వేళను దానం చేయవచ్చునని ఏ పురాణమూ చెప్పలేదు. ఆ ప్రయోగం చెప్పింది.

ఇక మూడవ ప్రశ్న అన్నిటికన్న కష్టమైనది. ఈ గడియారం దేనితో చేయబడినది? దీనికి సమాధానం అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ ఇచ్చింది. 1971లో కాలిఫోర్నియాలో రోనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ మూడు రకాల ఈగలను వేరుచేశారు. ఒకదాని దినం 19 గంటలు, రెండవదానిది 28 గంటలు, మూడవదానికి అసలు దినమే లేదు. మూడింటిలోనూ చెడినది ఒకే జన్యువు. దానికి పీరియడ్ అని పేరు పెట్టారు. 1984లో ఆ జన్యువును రెండు బృందాలు వేరుచేసి పట్టుకున్నాయి: బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్‌ల బృందం, రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ యంగ్ బృందం. ఈ ముగ్గురికీ 2017లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ సందర్భంలో చాలా పత్రికలు ముగ్గురి పేర్లతోనే సరిపెట్టుకున్నాయి. కాని బ్రాండైస్ బృందం 1984లో ప్రకటించిన పరిశోధన పత్రం తీసి చూస్తే, రచయితల వరుసలో మొట్టమొదట ఉన్న పేరు ప్రాణహిత రెడ్డి. గోదావరిలో కలిసే ఆ నది పేరును కాలానికి సంబంధించిన ఒక మహత్తరమైన పత్రం తలకట్టున చూడడం తెలుగు చదువరికి సంతోషం కలిగించే సంగతి.

జన్యువు దొరికింది కాని అది వేళను ఎలా లెక్కపెడుతుందో తెలియలేదు. జన్యువు అంటే ఒక ప్రొటీనును తయారుచేయడానికి కావలసిన వ్రాతప్రతి మాత్రమే. మన పాఠ్యపుస్తకాలు ప్రొటీనును మాంసకృత్తు అంటాయి. కందిపప్పులో ఉండేదే కాదు, కణంలో పనిచేసే ప్రతి కూలీ, ప్రతి మేస్త్రీ ప్రొటీనే. 1988లో పీరియడ్ ప్రొటీను ఈగ తలలో పగలు తగ్గి రాత్రి పెరుగుతున్నట్లు కనిపెట్టారు. 1990లో ఆ ప్రొటీను తన తయారీకి కావలసిన ఉత్తరువును తానే అదుపు చేస్తున్నదన్న ఆలోచన రూపుదిద్దుకున్నది.

దీనిని అర్థం చేసుకోవడానికి నాకు మన గడియకుడుక కన్న మంచి పోలిక దొరకలేదు. గోడ గడియారాలు రాకముందు దేవాలయాలలో, కోటలలో కాలం కొలిచిన సాధనం అది. పలుచని లోహపు గిన్నెకు అడుగున సన్నని బెజ్జం ఉంటుంది. దానిని నీటి తొట్టిలో వదిలితే బెజ్జం గుండా నీరు ఎక్కి, నిండగానే మునుగుతుంది. మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. కాపలావాడు గంట కొట్టి, గిన్నెను తీసి నీరు పారబోసి మళ్ళీ తేలవేస్తాడు. 60 గడియలైతే ఒక దినం. మెదడులోని కణంలో జరిగేది ఇంచుమించు ఇదే. జన్యువు నుంచి ఉత్తరువు వెళుతుంది, ప్రొటీను మెల్లగా నిండుతుంది. నిండిన ప్రొటీను కణకేంద్రకంలోకి తిరిగివెళ్ళి తనను పుట్టించిన జన్యువును మూసేస్తుంది. కొత్త ప్రొటీను రాదు, ఉన్నది క్రమంగా నశిస్తుంది. అంతా ఖాళీ కాగానే జన్యువు మళ్ళీ తెరుచుకుంటుంది. గిన్నె మళ్ళీ తేలుతుంది. భేదమల్లా ఈ కుడుక మునిగి తేలడానికి ఒక గడియ కాక ఒక పూర్తి దినం పడుతుంది, పైగా దీనికి కాపలావాడు లేడు. 1997లో క్షీరదాలలోనూ పీరియడ్ వంటి జన్యువులు దొరికాయి. మనలో దానికి తోడుగా క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీను మూసే పని చేస్తుంది. క్లాక్, బీమాల్ అనే ప్రొటీన్ల జంట తెరిచే పని చేస్తుంది. ఈగకూ మనకూ కోట్ల ఏళ్ళ దూరం ఉన్నా గడియకుడుక కమ్మరి ఒక్కడే.

బెజ్జం పెద్దదైతే గిన్నె త్వరగా మునుగుతుంది. ప్రొటీను విషయంలో ఆ బెజ్జం పరిమాణాన్ని నిర్ణయించేది ఫాస్ఫేటు. కణంలోని కొన్ని ఎంజైములు పీరియడ్ ప్రొటీనుకు ఫాస్ఫేటు ముద్రలు వేస్తాయి. ఆ ముద్రలను బట్టి అది ఎంతకాలం నిలవాలో, ఎప్పుడు నశించాలో తేలుతుంది. 20 గంటల హామ్‌స్టర్‌లో చెడినది ఇటువంటి ముద్రలు వేసే ఎంజైమేనని 2000లో బయటపడింది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కుటుంబాన్ని గురించి వెల్లడైన సంగతి ఇంకా ఆశ్చర్యకరం. ఆ ఇంటివారిలో చాలామంది తరతరాలుగా రాత్రి ఏడున్నరకే నిద్రకు తూలిపోతూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి కూర్చునేవారు. వారి పీరియడ్ ప్రొటీనులో ఒకే ఒక్క అక్షరం, ఫాస్ఫేటు ముద్ర పడవలసిన చోట, మారిపోయింది. ఒక్క అక్షరం మారితే పద్యంలో గణభంగం జరుగుతుందని చెప్పినవాణ్ణి నేను. మెదడులోనూ అంతేనని తెలిసినప్పుడు కొంతసేపు మాట రాలేదు.

ఈ ఫాస్ఫేటు ముద్రలకు ముడిసరుకు ఎక్కడిది? కణంలోని ఏటీపీ నుంచి వస్తుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. శరీర ద్రవాలలో ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. మెదడులో వేళను గురించిన శాస్త్రం ఆయన కాలానికి పుట్టనే లేదు. అయినా ఆ గడియారానికి ముద్రలు వేసే సిరాబుడ్డిని గోదావరి డెల్టాలో పుట్టిన మనిషి ముందుగానే చూపించి వెళ్ళాడు.

ఇప్పుడు హైదరాబాదు అధ్యాయానికి వస్తాను. ప్రొఫెసర్ అనితా జగోత 2000లో డి లా ఇగ్లీసియా, ష్వార్ట్జ్‌లతో కలిసి ఒక పత్రం ప్రకటించారు. హామ్‌స్టర్ మెదడులోని ఆ కణపుంజాన్ని పలుచని పొరగా కోసి, శరీరం నుంచి వేరుగా బతికించి, దాని విద్యుత్ స్పందనలను కొలిచిన పరిశోధన అది. అంతవరకు దినానికి ఒకే శిఖరం ఉంటుందనుకున్నచోట రెండు శిఖరాలు కనిపించాయి, ఒకటి ఉదయానిది, మరొకటి సాయంకాలానిది. పగటి నిడివి మారితే ఆ రెంటి మధ్య దూరమూ మారింది. సంధ్యలు రెండని మనవారు చెప్పుకున్నారు. సూర్యుణ్ణి ఎన్నడూ చూడలేని ఆ కణాల ముక్కలో కూడా సంధ్యలు రెండే.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆమె ప్రయోగశాల తరువాత పట్టుకున్న ప్రశ్న వార్ధక్యానిది. మూడు నెలల పడుచు ఎలుకలు, 12 నెలల నడివయసు ఎలుకలు, 24 నెలల ముసలి ఎలుకలు. దినంలో వేర్వేరు వేళల్లో వాటి మెదడులోని ఆ కణపుంజంలో గడియార జన్యువులు ఎలా పలుకుతున్నాయో కొలిచారు. వయసు మీరేకొద్దీ ఆ లయ మారుతున్నదని తేలింది. ఒక జన్యువు స్థాయి తగ్గుతుంది, మరొకదాని వేళ తప్పుతుంది, ఒకదానితో ఒకటి కలిసి నడవవలసినవి విడిపోతాయి. 2014లో వెలువడిన ఆ పత్రం రచయితలు ఉషోదయ మత్తం, అనితా జగోత. పగటి లయను పరిశోధించినవారి పేరే ఉషోదయ కావడం ఎవరో కవి కల్పించినట్లుంది. 2017లో ఈ ఇద్దరే ఇంకొక అడుగు ముందుకువేసి, ఎలుక మెదడులో ప్రొటీన్ల సమూహం దినంలో వేళను బట్టి ఎలా మారుతున్నదో, ముసలితనంలోను, పార్కిన్సన్ వ్యాధిని పోలిన స్థితిలోను ఆ మార్పు ఎలా చెదురుతున్నదో, మెలటోనిన్ ఇస్తే ఏమవుతున్నదో పరిశీలించారు. మెలటోనిన్ అన్నది చీకటి పడిన తరువాత మెదడులో స్రవించే హార్మోను, శరీరానికి రాత్రి అయిందని చాటింపు వేసేది. అది చెదిరిన లయలను సరిచేయగలిగింది కాని అన్నింటినీ ఒకే తీరున కాదు. పసుపులోని కుర్‌క్యుమిన్, పెన్నేరు ఆకు సారంతో కూడా ఆ ప్రయోగశాల ముసలి ఎలుకల మీద పరిశోధనలు చేసి కొంత మేలును చూసింది. ఇది ఎలుకల సంగతి, ప్రయోగశాల మోతాదుల సంగతి. మిత్రులెవరూ దీనిని చదివి పెన్నేరు పొడి కొనడానికి బయలుదేరవద్దని మనవి.

అరవైలలో ఉన్నవాడికి ఈ ఫలితాలు ఒక ఓదార్పు. ఇంటిలోని పెద్దవారు రాత్రి ఎనిమిదికే కునికి, తెల్లవారుజామున మూడింటికే లేచి అలికిడి చేస్తే పిల్లలు చాదస్తం అంటారు, పెద్దలు బ్రాహ్మీ ముహూర్తపు మహిమ అంటారు. రెండూ పూర్తిగా నిజం కావు. గిన్నె బెజ్జం అరిగింది, అంతే.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆలోచింపజేసినవి 2019లో మ్యూనిక్, జ్యూరిక్ నగరాల శాస్త్రజ్ఞులు ప్రకటించిన రెండు పత్రాలు. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సంధిస్థలాలను వారు చిట్టెలుకల మెదడులో పరిశీలించారు. అక్కడికి చేరే ఉత్తరువులలో మూడింట రెండు వంతులు దినలయను పాటిస్తున్నాయి. అవి రెండు గుంపులుగా వస్తున్నాయి, ఒకటి తెల్లవారే ముందు, మరొకటి చీకటిపడే ముందు. మళ్ళీ ఉభయ సంధ్యలే. అప్పుడు ఎలుకలను నిద్రపోనీయకుండా చేసి చూశారు. ఉత్తరువులు మాత్రం వేళ తప్పకుండా వస్తూనే ఉన్నాయి. కాని వాటి ప్రకారం తయారు కావలసిన ప్రొటీన్ల లయ పూర్తిగా ఆగిపోయింది. ఫాస్ఫేటు ముద్రల లయలో అయితే 98 శాతం మాయమైంది. అంటే లోపలి గడియారం ఆర్డరు వేస్తుంది, కాని సరుకును తయారుచేయించేది నిద్రా మెలకువల క్రమమే. కాగితం చేరింది, సరుకు చేరలేదు. నిద్ర పోగొట్టుకున్నవాని మెదడులో వేళ తెలుస్తూనే ఉంటుంది, ఆ వేళకు కావలసిన పని మాత్రం జరగదు.

ఈ వాక్యం రాస్తున్నప్పుడు నాకు మా కొండపల్లి పరిసరాలే గుర్తుకు వస్తున్నాయి. మా ఊరికి రెండు రకాల వేళలు ఉన్నాయి. తెల్లపొణికి కర్ర చెక్కి బొమ్మలు చేసేవారిది పగటి వేళ. కన్ను, బుగ్గ, చీర అంచు దిద్దడానికి మంచి వెలుతురు కావాలి. పక్కనే ఇబ్రహీంపట్నంలో 1979లో మొదటి యూనిట్‌తో మొదలైన తాప విద్యుత్ కేంద్రం ఉన్నది. నార్ల తాతారావు గారి పేరున్న ఆ కేంద్రం దీపం ఆరనిది, రాత్రీపగలూ షిఫ్టులలో నడిచేది. నా తరగతులలో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉండేవారు, ఇంట్లో గట్టిగా పద్యం చదవడానికి వీలులేనివారు. "మా నాన్నది నైట్ డ్యూటీ సార్, పగలు పడుకుంటారు, చప్పుడు చేస్తే అమ్మ తిడుతుంది" అనేవారు. ఆ నాన్న పడుకునేవాడే కాని నిద్రపోయేవాడు కాదు. ఎండ, ఉక్క, వీధి చప్పుడు, అన్నిటికన్న ముఖ్యంగా లోపల ఇది పగలని చెబుతున్న ఆ కణపుంజాల పట్టుదల. వారం తిరిగేసరికి షిఫ్టు మారేది. ఎలుకల మీద శాస్త్రజ్ఞులు కొన్ని గంటలు చేసిన ప్రయోగాన్ని మనుషులు ముప్పై ఏళ్ళు తమ మీద తామే చేసుకున్నారు.

విజయవాడ జంక్షనులో రాత్రంతా రైళ్ళు నడిపేవారు, ఆసుపత్రి నర్సులు, లారీ డ్రైవర్లు, అమెరికా పగలును తమ రాత్రిగా మార్చుకున్న హైదరాబాదు సాఫ్ట్‌వేర్ పిల్లలు, అందరూ ఈ లెక్కలోని వారే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో దినలయను భంగపరిచే షిఫ్టు పనిని మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న కారణాల జాబితాలో చేర్చింది. 2019లో రాత్రి షిఫ్టు పని అన్న పేరుతో మళ్ళీ పరిశీలించి అదే నిర్ణయాన్ని నిలబెట్టింది. అది నిశ్చయంగా తేలిన కారణం కాదు, బలమైన అనుమానం. రాత్రిపూట పని ఆపివేద్దామని నేను అనడం లేదు. ఆపితే ఈ అక్షరాలు రాయడానికి నాకు దీపం ఉండదు, అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినవారికి డాక్టరు ఉండడు. కాని రాత్రి డ్యూటీకి ఇచ్చే భత్యాన్ని చాలామంది ఊరక కూర్చున్నందుకు ఇచ్చే సొమ్ములా చూస్తారు. అది మెదడులోని ప్రొటీన్ల లయను అమ్ముకున్నందుకు వచ్చిన వెల. షిఫ్టులను త్వరత్వరగా మార్చకుండా ఉండడం, పగలు నిద్రపోయేవానికి చీకటి గది, నిశ్శబ్దం సమకూర్చడం, పెద్ద వయసులో రాత్రి పని తప్పించడం దయాధర్మాలు కావు. ఆ వెలలో మిగిలిన బాకీ.

చివరగా ఒక మాట. ఈ సంగతులు చెప్పినప్పుడల్లా ఇవన్నీ మనవారికి ముందే తెలుసుననే మిత్రులు కొందరు ఉంటారు. వాగ్భటుని అష్టాంగహృదయం సూత్రస్థానంలో రెండవ అధ్యాయమే దినచర్య. దినాన్ని భాగాలు చేసి వాతపిత్తకఫాలకు పంచినవారు మన వైద్యులు. ఏ వేళకు ఏది చేయాలో శ్రద్ధగా చూసి చెప్పిన ఆ పరిశీలనకు నేను నమస్కరిస్తాను. కాని కణాన్నీ ప్రొటీనునూ వారు ఎరుగరు, ఎరుగుదుమని చెప్పుకోనూ లేదు. వారు చూసినది గిన్నె మునగడం, తేలడం. గిన్నెకు బెజ్జం ఎక్కడుందో చూసినది ఈ మూడు వందల ఏళ్ళ శ్రమ. రెంటినీ కలిపివేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినవాళ్ళమవుతాము.

మీ మీ ప్రాంతాలలో వేళను తెలిపే పాత మాటలు, ముఖ్యంగా రాత్రి జాములకు సంబంధించినవి, మీ ఇంటి పెద్దలు వాడేవి ఉంటే వ్యాఖ్యలలో తెలుపగలరు. రాత్రి డ్యూటీ చేసినవారు తమ అనుభవం రాస్తే ఇంకా సంతోషిస్తాను.

స్వస్తి.